తవుడు పోసి కొన్న కొడుకు

నాకు అత్తలు ఇద్దరు. మా మామకు ఇద్దరు పెళ్లాలని తొందరపడి అనుకోకండి, ఆయనకు అంత తీరిక ఎప్పుడూ లేదు. నా భర్తను కన్నావిడ నర్సమ్మ, కొన్నావిడ గంగుబాయి.

మా ఆయనకంటే ముందు నర్సమ్మకు పుట్టిన పిల్లలెవరూ దక్కలేదు. పాలు మరిచే వయసు దాకా కూడా బతకలేదు. అందుకని ఈయన పుట్టగానే మా పద్మశాలి ఇళ్లలో అలాంటప్పుడు ఏం చేస్తారో అదే చేశారు. చేటలో పాత గుడ్డ పరిచి, పసివాణ్ణి పడుకోబెట్టి, సోలాపూర్ దాజీ పేట్‌లో మా సందు చివరనున్న పెంటకుప్ప మీద పెట్టి వచ్చారు. పక్కింటి మరాఠీ ఆవిడ గంగుబాయి, ముందే అనుకున్న ప్రకారం, ఏమీ ఎరగనట్టు అటు నడిచి వెళ్లి పిల్లవాణ్ణి ఎత్తుకుంది. ఆవిడే నర్సమ్మ కొంగులో తవుడు పోసి ఆ బిడ్డను కొనుక్కుంది. "నాకు పాలు లేవు, నువ్వే పెంచిపెట్టు" అని మళ్లీ ఆమె చేతికే ఇచ్చింది. నర్సమ్మ పిల్లలను వెతుక్కుంటూ వచ్చే చావు ఇక ఈ పిల్లవాడి జోలికి రాదు, ఎందుకంటే వీడు నర్సమ్మ పిల్లవాడు కాదు, పెంట మీద దొరికినవాడు. అందుకే పేరు కూడా పెంటప్ప.

సోలాపూర్‌లో మావాళ్లలో పెంటప్పలకూ పెంటమ్మలకూ కొదవ లేదు. పేరు పెట్టడంతో దిష్టి తీరిందనుకుని తక్కినవాళ్లు ఊరుకుంటారు, పిల్లలు అమ్మను అమ్మా అనే పిలుస్తారు. మా అత్తమ్మ ఊరుకునే రకం కాదు. ఆవిడ దృష్టిలో బేరం అంటే బేరమే. కొడుకు చేత తనను 'నర్సక్క' అని పిలిపించుకుంది. గంగుబాయిని 'ఆయీ' అని పిలిపించింది. బడిలో చేర్చడానికి గంగుబాయినే పంపింది. మా పెళ్లిలో పీటల పక్కన తల్లి స్థానంలో గంగుబాయి కూర్చుంటే, ఈవిడ పేరంటానికి వచ్చిన పక్కింటావిడలాగా గుంపులో నిలబడి అక్షింతలు వేసింది. కొత్తకోడలిని కదా, నాకు నవ్వు ఆగలేదు.

తర్వాత తర్వాత నవ్వు రావడం మానేసింది. ఇంటికి కొత్తవాళ్లు ఎవరొచ్చినా "మీ అబ్బాయేనా?" అని అడుగుతారు. అడగ్గానే మా ఆయన చేస్తున్న పని ఆపి నర్సమ్మ నోటి వైపు చూసేవాడు. మీసాలొచ్చిన మనిషి, పెళ్లయిన మనిషి. ఆవిడ బీడీ చుడుతూ తలెత్తకుండా, "మాకెక్కడి కొడుకు? పెంట మీద దొరికిండు" అనేది. అందరూ నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవాడు, కానీ అందరికంటే ఆఖరున.

"నీకు బాధనిపియ్యదా?" అని ఒకసారి అడిగాను.

"ఆమె నన్ను బతికించుకోవాల్నని గట్ల చేస్తున్నది. బాధెందుకు?" అన్నాడు. మళ్లీ తనే, "ఒక్కసారి అంటే మంచిగుండు" అన్నాడు.

ఆ ఒక్క మాటే ఆ మనిషి కోరిక. ఇంకేమీ అడిగేవాడు కాదు.

ఎనభై ఐదులో మా మామ రాజారాం పోయాడు. ఎలా పోయాడో చెప్పాలంటే మరమగ్గాల షెడ్డు గురించి కొంచెం చెప్పాలి. షెడ్డు పైకప్పు కింద పొడుగ్గా ఒక ఇనుప ఇరుసు తిరుగుతూ ఉంటుంది. దాని మీది చక్రాల నుంచి తోలు పట్టాలు కిందికి దిగి ఒక్కో మగ్గాన్ని నడుపుతాయి. పట్టా అప్పుడప్పుడు చక్రం మీంచి జారుతుంది. కరెంటు పోయి ఇరుసు ఆగినప్పుడు పనివాళ్లు నిచ్చెనెక్కి దాన్ని మళ్లీ తగిలిస్తారు. అలా ఎక్కేముందు మెయిన్ స్విచ్ తీసెయ్యాలి. తీస్తే, కరెంటు వచ్చాక ఎవరో ఒకరు వెళ్లి మళ్లీ వెయ్యాలి. ఆ కాస్త ఆలస్యం కూడా షెడ్డు యజమాని, మా సావుకారుకు గిట్టదు. అందుకని ఆ స్విచ్ ఎవరూ తీయరు. మామ నిచ్చెన మీద ఉండగా కరెంటు వచ్చింది. ఆయన ధోవతి పట్టాలో చిక్కుకుంది. ఇంతకంటే చెప్పడం నాకు చేతకాదు.

అదే షెడ్డులో, అదే సావుకారు కింద, మా ఆయన మగ్గాలు నడిపేవాడు. మాకు వేరే దారి లేదు.

దాజీ పేట్‌లో పుట్టి పెరిగినవాళ్లకు మగ్గాల చప్పుడు వినబడదు, అది ఆగినప్పుడే వినబడుతుంది. మామ పోయిన దగ్గర్నుంచి ఆ చప్పుడు ఆగితే చాలు, అత్తమ్మకు ప్రాణం మీదికి వచ్చేది. ఒళ్లోని బీడీల చేట అవతలికి పడేది, ఆకూ పొగాకూ గడపంతా చెదిరేది. ఆవిడ కాళ్లకు చెప్పులు లేకుండా షెడ్డుకు పరుగెత్తేది. గుమ్మంలో నిలబడి, "పెంటా! బయటికి రా! లౌకర్ రా, జల్ది రా!" అని అరిచేది. మా ఆయన పని వదిలేసి బయటికి వచ్చి, కరెంటు వచ్చేదాకా ఆవిడ చెయ్యి పట్టుకుని నిలబడేవాడు. తోటి పనివాళ్లు "మీ నర్సక్క వచ్చింది, పో, పాలు తాగిపో" అని ఆటపట్టించేవాళ్లు.

రాను రాను కరెంటు ఉన్నప్పుడు కూడా భయమే. అన్నం ముందు కూర్చుని గుండె పట్టుకునేది. ఊపిరి ఆడటం లేదనేది. చేతులు వణికి బీడీలు వదులుగా వచ్చేవి, కార్ఖానాలో ఏరి అవతల పారేసేవాళ్లు. నిమ్మకాయలు కోశాం, దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టాం, మార్కండేయ స్వామికి మొక్కాం. చివరికి సావుకారు మా ఆయనను పిలిచి, "ఆ ముసల్ది ఇంకోపాలి ఈ గుమ్మంల కనవడితే నువ్వు వేరే షెడ్డు చూసుకో" అన్నాడు. మామను మింగింది తన షెడ్డేనన్న సంగతి ఆ నోటికి గుర్తులేదు.

నాతోపాటు బీడీలు చుట్టే యమునాబాయి అప్పుడు చెప్పింది, జోడ్‌భావి పేట్ అవతల మసీదు సందులో ఒక డాక్టరమ్మ ఉందని, భయాలకు మందిస్తుందని. పేరు కమరున్నీసా. హైదరాబాదులో మానసిక వైద్యం చదివి, పెళ్లి చేసుకుని సోలాపూర్ వచ్చిందట. మా తెలుగు మాట్లాడుతుందట. సాయంత్రాలు తన ఇంటి ముందు వసారాలోనే రోగులను చూస్తుంది.

తీసుకుపోయాను. డాక్టరమ్మకు నలభై లోపే ఉంటాయి. కళ్లజోడు ముక్కు మీదికి జారుతుంటే వేలితో ఎగదోసుకుంటూ మొత్తం విన్నది. అత్తమ్మ మాట మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు, ఆ ఓపికకే నేను దండం పెట్టాలనుకున్నాను. నిద్రకు మాత్రలు రాసింది. తర్వాత అన్నది:

"మాత్ర నిద్ర పట్టిస్తది అమ్మా, భయాన్ని తియ్యదు. భయం ఏం చేస్తదంటే, పోయేటివి లెక్కపెడ్తది. మా దగ్గర దీనికో మందున్నది, శుకర్ అంటం. ఉన్నవాటిని గుర్తు పట్టుడు. భయం వచ్చినప్పుడు ఉరకకు. ఉన్నకాడనే కూర్చో. గుండె మీద చెయ్యి పెట్టుకొని మెల్లగ ఊపిరి తీస్కో. ఇప్పుడు నీ దగ్గర ఏమేం ఉన్నయో ఒక్కోటి చెప్పు. ఇచ్చినోనికి శుకర్ చెప్పు."

"నేను మీ దేవుణ్ణి మొక్కాల్నా?" అంది అత్తమ్మ.

"నీ దేవుణ్ణే మొక్కు. నేను నీ మతం మార్చ. నీ నిద్ర మారిస్తే సాలు." డాక్టరమ్మ నవ్వింది. "కానీ ఒక షరతు. ముందు మనసుల గుర్తించాలె. తర్వాత నోటితోని చెప్పాలె. తర్వాత చేత్తోని ఏదన్న చెయ్యాలె. మూడూ అయితేనే శుకర్."

మొదట్లో నాకు నమ్మకం కుదరలేదు. ఉన్నవి తలుచుకుంటే భయం పోయేటట్టయితే మా పేటలో ఎవరికీ భయమే ఉండకూడదు, ఎందుకంటే ఉన్నవి అంత తక్కువ కాబట్టి చప్పున తలుచుకోవచ్చు అని మనసులో వెటకారం చేసుకున్నాను. కానీ అత్తమ్మ పట్టిన పట్టు విడిచే మనిషి కాదు. ఏదైనా ఒప్పుకుంటే ఇక అంతే, బేరం అంటే బేరమే.

రోజూ సాయంత్రం గోడకు ఆనుకుని కూర్చుని మొదలుపెట్టేది. నల్లా వచ్చింది, శుకర్. కండ్లు కనవడుతున్నయి, శుకర్. కోడలు చారుల ఉప్పు సరిగ్గ ఏసింది, శుకర్. ఇది పొగడ్తో ఎత్తిపొడుపో నాకు ఇప్పటికీ తెలియదు. అన్నీ చెప్పాక ఓ పిడికెడు జొన్నలు తీసి పిచ్చుకలకు చల్లేది, అది చేతితో చేసే శుకర్ అన్నమాట. ఆ మాట తురకభాష అని ఎవరైనా అంటే, "నా భయం కూడ ఏ భాషల వచ్చిందో నాకు ఎర్క లేదు" అని నోరు మూయించేది. కొన్ని వారాలకు నిద్ర పట్టింది. అన్నం తింది. బీడీ గట్టిపడింది. కానీ కరెంటు పోతే మాత్రం మళ్లీ పరుగే, సావుకారు కంట పడకుండా మా ఆయనే ఆవిడను షెడ్డు గోడ చాటుకు తీసుకుపోయేవాడు.

మళ్లీ తీసుకుపోతే డాక్టరమ్మ ఆమెను తనముందే అన్నీ చెప్పమంది. అత్తమ్మ చెప్పింది. నల్లా, కళ్లు, కోడలు, గోడ, పిచ్చుకలు.

"ఇంట్ల ఇంకెవ్వరు లేరా?"

అత్తమ్మ నేల చూపులు చూసింది. "ఉన్నడొకడు. పెంట మీద దొరికినోడు."

నేను కల్పించుకుని చేట, తవుడు, గంగుబాయి, అంతా చెప్పాను. డాక్టరమ్మ కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుంది.

"అమ్మా, నీ భయమంతా ఆ పిలగాని గురించే. శుకర్ మాత్రం వానిని వదిలి తక్కిన వాటికి చెప్తున్నవ్. గట్లయితే ఎట్ల తగ్గుతది?"

"మనసుల చెప్పుకుంటున్న డాక్టరమ్మా. నోటితోని అనరాదు. అంటే దిష్టి. నాకు ఉన్నదని అంటే ఎత్కపోతరు."

"మాలో కూడ నజర్ ఉన్నది. నేను కొట్టిపారేస్త లేను. మా అమ్మ నాకు కాటుక పెట్టకుంట బయటికి పంపకపోయేది. కానీ మేమేం చేస్తమంటే, మంచిది చూసినప్పుడు దాచిపెట్టం. ఇచ్చినోని పేరు ముందు పెట్టి అంటం. మాషా అల్లా అంటం. నాది అంటే కదా నజర్. దేవుడు ఇచ్చిండు అంటే ఎవరి నజర్ తగుల్తది? నువ్వు మార్కండేయ సామి పేరు ముందు పెట్టు. తర్వాత అను."

అత్తమ్మ అదే ఆలోచిస్తూ ఇంటిదారి పట్టింది. కొంతం చౌక్ దగ్గర రిక్షాలు అడ్డం వచ్చినా చూసుకోకుండా నడిచింది. మధ్యలో ఒకచోట ఆగి, "ఆమె చెప్పేదాంట్ల న్యాయం ఉన్నది లలితా" అంది.

మరి కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. పేటంతా ఒక్కసారిగా చప్పుడు ఆగింది. నేను అలవాటుగా చెదిరే ఆకును పట్టుకోవడానికి ముందుకు వంగాను. చేట కదల్లేదు. అత్తమ్మ కళ్లు మూసుకుని, గుండె మీద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది. నుదుటి మీద చెమట. పెదవులు రెండు మూడుసార్లు తెరుచుకుని మళ్లీ మూసుకుపోయాయి.

"మార్కండేయ సామి ఇచ్చిండు," అంది. "నాకు కొడుకున్నడు. పెంటప్ప నా కొడుకు. శుకర్."

కరెంటు వచ్చింది, మగ్గాలు మొదలయ్యాయి. ఆవిడ కళ్లు తెరిచి చేట వైపు చూసి మళ్లీ ఆకు అందుకుంది. నేను లోపలికి వెళ్లి ఏడ్చాను.

ఆ సాయంత్రం మా ఆయన అన్నం తింటుండగా మా సందులోకి కొత్తగా వచ్చిన రామచంద్రం అనే ఆయన అగ్గిపెట్టె కోసం వచ్చాడు. "మీ అబ్బాయా అమ్మా?" అన్నాడు. మా ఆయన చెయ్యి కంచంలో ఆగింది. అత్తమ్మ ఒక్కసారి దేవుడి పటం వైపు చూసి, "సామి ఇచ్చిండు. నా కొడుకే" అంది.

మా ఆయన కంచం దగ్గరికి జరుపుకున్నాడు. తల దించుకుని నాలుగు ముద్దలు తిన్నాడు. నీళ్లు తాగాడు. గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఇంకింత చారు పొయ్యి" అన్నాడు.

చారు గిన్నె నా పక్కనే ఉంది. అయినా ఆవిడే లేచి వచ్చి పోసింది.

ఆ తర్వాతి రోజులు మా ఇంట్లో పండగలాగా గడిచాయి. ఆయన పనీ పాటా లేకుండా అమ్మా అని పిలిచేవాడు. అమ్మా చెప్పులెక్కడున్నయి, అమ్మా వానొచ్చేటట్టున్నది, అమ్మా నీళ్లు. చెప్పులు కాళ్లకే ఉండేవి. గంగుబాయి గడపలో కూర్చుని, "అయితే నా తవుడు నాకు వాపస్ ఇయ్యి నర్సా" అని ఏడిపించేది. ఆయన ఆమెను కూడా ఆయీ అనడం మానలేదు. ఇద్దరు తల్లులున్న మొనగాణ్ణని షెడ్డులో గొప్పలు చెప్పుకున్నాడట. డాక్టరమ్మ మాత్రలు తగ్గించింది. కరెంటు పోతే అత్తమ్మ కూర్చున్నచోటే కూర్చునేది.

ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. అన్నేళ్లూ కరెంటు పోగానే ఆవిడ పరుగెత్తుకు రావడం వల్ల మా ఆయన గుమ్మం దగ్గర ఆవిడ చెయ్యి పట్టుకుని నిలబడేవాడు. పట్టాల జోలికి వెళ్లే తీరిక ఉండేది కాదు. ఇప్పుడు ఆవిడ రావడం లేదు. చేతులు కట్టుకుని కూర్చుంటే సావుకారు చూస్తాడు. అందరిలాగే ఆయనా నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టాడు. అందరిలాగే స్విచ్ తీయకుండా.

ఒక మంగళవారం, ఎండ బాగా ఉంది. కరెంటు పోయింది. అత్తమ్మ కళ్లు మూసుకుని శుకర్ చెప్పుకుంటూనే ఉంది. కరెంటు వచ్చింది. మగ్గాలు మొదలై, వెంటనే ఆగాయి. మా షెడ్డు ఒక్కటే ఆగింది. తక్కిన పేటంతా నడుస్తూనే ఉంది. అత్తమ్మ కళ్లు తెరిచింది, మా ఇద్దరికీ అర్థమైంది.

మా ఆయన కుడిచెయ్యి పట్టాతోపాటు పైకి పోయి చక్రానికీ ఇరుసుకూ మధ్య నలిగింది. పక్క మగ్గం యాదగిరి పరుగెత్తి వెళ్లి స్విచ్ తీశాడు. అప్పుడు తీశారు స్విచ్. పెద్ద దవాఖానాలో మోచేతి పైదాకా చెయ్యి తీసేశారు. రక్తం చాలా పోయిందన్నారు. తర్వాత పుండు చెడి జ్వరం పట్టుకుంది. పెద్ద డాక్టరు నన్ను పక్కకు పిలిచి, జ్వరం దిగితే మనిషి దక్కుతాడు, దిగకపోతే మా చేతుల్లో ఏమీ లేదు అని చెప్పాడు.

"నేనే అన్న," అంది అత్తమ్మ. వరండాలో నేల మీద కూలబడి ఉంది. చేతులు పాత రోజులకంటే ఎక్కువగా వణుకుతున్నాయి. "నా నోటితోని నేనే అన్న."

"అత్తమ్మా, స్విచ్ తియ్యలే. మామప్పుడు తియ్యలే, ఇప్పుడు తియ్యలే. నీ మాట ఏం చేస్తది? ఆ సావుకారు గాని నోట్ల మన్నువడ" అని అరిచాను. గోడకు చెప్పినా వినేదేమో.

డాక్టర్ కమరున్నీసా కబురు తెలిసి వచ్చింది. ఆవిడ కూడా మా పక్కన నేల మీదే కూర్చుంది. అత్తమ్మ చెయ్యి తన చేతిలో పెట్టుకుంది.

"తప్పు నాది అమ్మా. ఉన్నప్పుడు శుకర్, పోయినప్పుడు సబర్. ఓర్చుకునుడు. మా దగ్గర ఈ రెండు జోడుగ నేర్పుతరు. నేను నీకు ఒకటే నేర్పిన. నీకు తొందరగ తగ్గుతున్నదని సంబురపడ్డ." ఆవిడ వార్డు తలుపు వైపు చూసింది. "చెయ్యి పోయింది, పిలగాడు ఉన్నడు. ఇప్పుడు గూడ ఆ మాట అనొచ్చు అమ్మా. వానికి ఇప్పుడే కావాలె."

అత్తమ్మ చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని రెండు చేతులూ జోడించింది.

"నీ మీద కోపం లేదు డాక్టరమ్మా. నీ మందు మంచిదే. నా నోరు మంచిది గాదు. నన్నింక అడగకు."

డాక్టరమ్మ వెళ్లిపోయింది. ఆవిడ మీద నాకూ కోపం రాలేదు. మా మామ చచ్చిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఒకరైనా నవ్వారంటే ఆవిడ వల్లే.

మర్నాడు పొద్దున్నే అత్తమ్మ గంగుబాయిని వెంటబెట్టుకుని వార్డులోకి వచ్చింది. ఇద్దరి జుట్లూ రేగి ఉన్నాయి. అత్తమ్మ చంకలో చిన్న మూట. మంచం పక్కన కూర్చుని మూట విప్పింది. తవుడు. ఎక్కడ సంపాదించిందో. దాన్ని గంగుబాయి ఒళ్లో పెట్టి, తన కొంగు చాపింది.

"పొయ్యి గంగూ. మళ్ల కొను."

చుట్టుపక్కల మంచాల మీదివాళ్లు తలలెత్తి చూశారు. గంగుబాయి రెండు చేతులతోనూ మూటను వెనక్కి నెట్టింది.

"వేడ్ లాగ్లం కా నర్సా, నీకు పిచ్చి పట్టిందా? పిలగాడు చూస్తుండు. నీ కొడుకు, నువ్వు కన్న కొడుకు! అమ్మా అని నిన్నే కలవరిస్తున్నడు. దగ్గరికి పో, తల నిమురు. నేను కొన. నాకొద్దు ఈ పాపం."

"కొనకుంటే సస్తడు" అంది అత్తమ్మ. కొంగు చాపిన చేతులు వణుకుతూనే ఉన్నాయి. "నీ కాళ్లు మొక్కుత గంగూ. కొను."

గంగుబాయి తల అడ్డంగా ఊపుతూ ఏడుస్తోంది. నేను కలగజేసుకోవాలనుకున్నాను. ఏ పక్కన? అప్పుడు మా ఆయన కదిలాడు. జ్వరంతో కళ్లు ఎర్రగా ఉన్నాయి, పెదవులు ఎండి పగిలాయి. అంతా విన్నాడు. మిగిలిన ఎడమచెయ్యి చాపి గంగుబాయి కొంగు పట్టుకుని లాగాడు.

"ఆయీ," అన్నాడు. "పొయ్యి."

గంగుబాయి ఆయన ముఖంలోకి చూసింది. ఏం చూసిందో, మూట అందుకుని నర్సమ్మ కొంగులో తవుడంతా గుమ్మరించింది. కొంత నేల మీద పడింది.

ఆయన ఊపిరి కూడదీసుకుని తల ఇటు తిప్పాడు.

"నర్సక్కా," అన్నాడు, "నువ్వెందుకు ఈడ? ఇంటికి పో. మా ఆయీ ఉన్నది గదా."

అత్తమ్మ ఆ మాట కోసమే కాచుకున్నట్టు గబుక్కున లేచింది. తవుడు కొంగును రెండు చేతులతో బిగించి పట్టుకుని వెనక్కి చూడకుండా వార్డు బయటికి నడిచింది. గుమ్మం దాటేటప్పుడు చూశాను, ఆ చేతులు వణకడం లేదు. ఆ క్షణాన ఆమెను కొట్టాలనిపించింది, ఆమె కాళ్ల మీద పడాలనీ అనిపించింది.

ఇంటికి పొమ్మన్నాడు గానీ ఆమె పోలేదు. తలుపు అవతల గోడ పక్కన కూర్చుంది. లోపలికి మాత్రం రాలేదు. రెండోనాటికి జ్వరం దిగింది. గండం గడిచిందని పెద్ద డాక్టరు చెప్పాడు. ఆ సంగతి చెప్పడానికి బయటికి వెళితే, ఆమె విని కళ్లు మూసుకుంది. "గంగు కొడుక్కు తగ్గిందట. శుకర్" అంది. ఆ మాట ఎంతో నెమ్మదిగా, జబ్బు తగ్గిన మనిషి మాటలా ఉంది.

కట్టు మార్చడానికి నర్సు వచ్చింది. అంటుకుపోయిన గుడ్డ ఊడదీస్తే ఎలా ఉంటుందో అందరికీ తెలుసు, ఆ వార్డులో మరాఠీవాళ్లు ఆయీ అనీ, మావాళ్లు అమ్మా అనీ రోజంతా అరుస్తూనే ఉంటారు. "నొప్పైతే అరిచెయ్యి, ఏం కాదు" అంది నర్సు మరాఠీలో. మా ఆయన తలుపు వైపు చూశాడు.

"ఉన్నదా?" అని నన్ను అడిగాడు.

"ఆడనే కూసున్నది."

ఆయన ఎడమచేత్తో దుప్పటి అంచు లాక్కుని నోటి నిండా కుక్కుకున్నాడు. నర్సు గుడ్డ ఊడదీసింది. ఆయన ఒళ్లంతా మంచం మీద ఎగిరెగిరి పడింది, మెడ మీద నరాలు ఉబ్బాయి, కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. బయటికి మాత్రం చిన్న శబ్దం కూడా రాలేదు.